వెరిజాన్‌లోకి ఐఫోన్ వచ్చింది, మారడం మంచిదేనా?

ముక్కుసూటి
ఫిబ్రవరి 12, 2011, ఉదయం 9:10

2007 జూన్ 29 నుంచి ఇప్పటిదాకా అమెరికాలో ఐఫోన్ కావాలంటే ఏటీ అండ్ టీ అనే ఫోన్ కంపెనీ గడప తొక్కాల్సిందే. మొన్న గురువారం దాని పోటీ కంపెనీ వెరిజాన్ కూడా ఐఫోన్ అమ్మడం మొదలుపెట్టడంతో ఆ రోజులు పోయాయి. వెరిజాన్‌లో 16 జీబీ ఫోను 199 డాలర్లు, 32 జీబీ 299, రెండేళ్ల కాంట్రాక్టు మీద. డేటా నెలకు 30 డాలర్లు, ఎంత వాడినా లెక్క అడగరు. ఏటీ అండ్ టీలో కొత్తగా చేరేవారికి గత జూన్ నుంచి ఆ భాగ్యం లేదు. 15 డాలర్లకు 200 ఎంబీ, 25 డాలర్లకు 2 జీబీ, అంతే. పైగా మరో 20 డాలర్లు కడితే వెరిజాన్ ఫోనునే హాట్‌స్పాట్‌గా పెట్టుకుని ఇంట్లో అయిదు లాప్‌టాప్‌ల దాకా నడపవచ్చు.

నేనుండేది పెన్సిల్వేనియాలో, పెద్ద ఊళ్లకు దూరంగా. మా వైపు కొండ దారుల్లో వెరిజాన్ సిగ్నల్ నిలబడుతుంది. కాబట్టి మారాలని నిశ్చయించుకున్నాను. తీసుకున్నవారు ఎవరైనా ఉంటే ఎలా ఉందో రాయండి. వద్దనేవారు కారణం చెప్పండి.

చింతచిగురు
ఉదయం 9:32

నిన్న తీసుకున్నాను. టీవీలో చెప్పినంత జనం ఏమీ లేరు, వెళ్లగానే పని అయిపోయింది. ఆత్రం ఉన్నవారంతా 3వ తేదీనే, పాత ఖాతాదారులకు ముందుగా తెరిచినప్పుడు, బుక్ చేసేసుకున్నారు. ఫోను బాగుంది.

సర్క్యూట్
ఉదయం 10:05

అందరూ దాటేస్తున్న విషయం ఒకటుంది. వెరిజాన్ 3జీ నడిచేది సీడీఎంఏ పద్ధతిలో. అందులో మీరు ఫోనులో మాట్లాడుతున్నంతసేపూ ఇంటర్నెట్ ఆగిపోతుంది. ఏటీ అండ్ టీ 3జీలో రెండూ ఒకేసారి నడుస్తాయి. ఇది టవర్లు పెంచితే తీరే లోపం కాదు, ఆ సాంకేతికతలోనే ఉన్నది. కొనేముందు ఇది తెలుసుకోండి.

ముక్కుసూటి
ఉదయం 10:20

ఇంట్లో, ఆఫీసులో వైఫై ఉంటుంది కదా సర్క్యూట్ గారూ. వైఫై మీద ఉంటే మాట్లాడుతూనే ఇంటర్నెట్ చూసుకోవచ్చు. ఇది నాకు పెద్ద ఇబ్బందిగా కనిపించడం లేదు.

సర్క్యూట్
ఉదయం 10:31

కారులో వైఫై ఎక్కడ ఉంటుంది? తెలియని ఊళ్లో స్నేహితుడి ఇల్లు వెతుక్కుంటూ వెళుతున్నారు. మ్యాపు నడుస్తోంది. సరిగ్గా హైవే దిగే ఎగ్జిట్ దగ్గర ఆ స్నేహితుడే ఫోను చేస్తాడు, "ఎక్కడి దాకా వచ్చారు?" అని. మీరు ఎత్తగానే మ్యాపు కొత్త భాగాలు తెచ్చుకోవడం మానేస్తుంది. తెర మీద బూడిదరంగు గళ్లు మిగులుతాయి. ఫోను పెట్టేసేసరికి ఎగ్జిట్ దాటిపోయి ఉంటారు. ఇది ఇబ్బంది కాదంటే నేను ఒప్పుకోను.

గోరింట
ఉదయం 10:40

కారు నడుపుతూ ఫోను ఎత్తకండి, గొడవే ఉండదు.

పెన్నాతీరం
ఉదయం 11:15

ముక్కుసూటి గారూ, కారణం అడిగారు కాబట్టి వివరంగా చెబుతాను.

వెరిజాన్ ఐఫోన్‌లో సిమ్ పెట్టే చోటే లేదు. ఏటీ అండ్ టీ ఫోనుకు కుడిపక్క సన్నటి రంధ్రంలో పిన్ను గుచ్చితే చిన్న ట్రే బయటికి వస్తుంది. వెరిజాన్ ఫోనుకు ఆ చోట నున్నటి లోహం తప్ప ఏమీ లేదు. దుకాణంలో చేత్తో పట్టుకుని చూసి మరీ చెబుతున్నాను.

మన ఇండియా సిమ్ అందులో పట్టదు. ఎయిర్‌టెల్, వొడాఫోన్, బీఎస్‌ఎన్‌ఎల్, ఏదీ పట్టదు. రిలయన్స్, టాటా వాళ్లకు సీడీఎంఏ ఉందని ఎవరైనా అంటారేమో, వాళ్ల కార్డు పెట్టడానికి కూడా ఇందులో చోటు లేదు. సంక్రాంతికి నెల్లూరు వెళ్లినప్పుడు ట్రంకు రోడ్డులో ఒక దుకాణదారుడు నా ఎయిర్‌టెల్ సిమ్‌ను కత్తెరతో అంచులు కత్తిరించి, గోరుతో కొలుచుకుంటూ మళ్లీ కాస్త తీసి, ట్రేలో కూర్చోబెట్టాడు. క్షణంలో సిగ్నల్ వచ్చింది. ఉన్నన్నాళ్లూ అదే నా ఫోను. పాతబడ్డాక మా తమ్ముడికి ఇస్తాను. మా నాన్నగారి చేతిలో ఉన్నది కూడా నేను ఇక్కడ వాడి పంపినదే. వెరిజాన్ ఫోను పాతబడితే ఏం చేస్తారు? అక్కడ అది అద్దం ముక్కతో సమానం.

ముక్కుసూటి
ఉదయం 11:48

పెన్నాతీరం గారూ, మీ ఫోనులో ఎయిర్‌టెల్ సిమ్ పనిచేసిందంటే అది ఏటీ అండ్ టీ దయ కాదు. వేరే కంపెనీ సిమ్ పనిచేయకుండా ఐఫోన్‌కు వేసిన లాక్‌ను వాళ్లు కాంట్రాక్టు పూర్తయినా తీయరు. లాక్ మీరు తీసుకున్నారు. గత జూలైలో అది చట్టవిరుద్ధం కాదని తేల్చారు కాబట్టి తప్పేమీ లేదు. కానీ ఏటీ అండ్ టీ ఇవ్వని సౌకర్యాన్ని దాని ఖాతాలో వేయడం సరికాదు.

ఇండియాలో ఉండేది ఏడాదికో రెండేళ్లకో మూడు వారాలు. ఆ మూడు వారాలకు వెయ్యి రూపాయల ఫోను ఒకటి కొనుక్కుంటే సరిపోతుంది. మిగిలిన కాలమంతా సిగ్నల్ లేని ఫోను పట్టుకుని తిరగమంటారా?

పెన్నాతీరం
మధ్యాహ్నం 12:10

లాక్ ఎవరు తీశారన్నది కాదు నేను చెప్పింది. తీయడానికి ఒక తాళం ఉంది, దాని వెనక ఒక తలుపు ఉంది. మీరు కొనబోయేదానికి తలుపే లేదు.

ఇండియా సంగతి చూడండి. ఫోను పూర్తి డబ్బు పెట్టి కొనుక్కుంటారు, ఇష్టమైన సిమ్ వేసుకుంటారు. గత నెల 20 నుంచి నంబరు మార్చకుండా కంపెనీ మారే వీలు కూడా దేశమంతా వచ్చింది. మా తమ్ముడు నెలకు ఒక సిమ్ మార్చినా అడిగేవాడు లేడు. ఇక్కడ నంబరు తీసుకెళ్లే హక్కు 2003లోనే ఇచ్చారు, ఫోను తీసుకెళ్లే వీలు మాత్రం ఇవ్వలేదు. సిమ్ లేని ఈ సీడీఎంఏ ఫోను కొనడమంటే ఆ సంకెలను మన చేతులతో మనమే వేసుకోవడం.

సర్క్యూట్
మధ్యాహ్నం 12:25

నేను అడిగినదానికి ఇంకా జవాబు రాలేదు. మాట్లాడుతూ ఇంటర్నెట్ చూడలేని ఫోనును స్మార్ట్‌ఫోన్ అని ఎలా అంటారు?

పాలపిట్ట
మధ్యాహ్నం 12:41

ఇప్పుడెందుకు కొనడం? నాలుగేళ్లుగా ఏటా జూన్, జూలైలలో కొత్త ఐఫోన్ వస్తోంది. ఇది ఎనిమిది నెలల పాత మోడల్. డిసెంబరులో వెరిజాన్ 38 నగరాల్లో 4జీ మొదలుపెట్టింది, ఇందులో అదీ లేదు. రెండేళ్లకు సంతకం పెట్టి వేసవిలో బాధపడకండి.

ముక్కుసూటి
మధ్యాహ్నం 1:05

అందరికీ కలిపి ఒకేసారి రాస్తున్నాను.

సర్క్యూట్ గారు ఎగ్జిట్ గురించి బాధపడుతున్నారు. నా బాధ వేరు. రెండేళ్ల కిందట చలికాలంలో మా ఆవిడ పనినుంచి వస్తుంటే మంచులో కారు ఆగిపోయింది. చీకటి పడింది, దగ్గర్లో ఇల్లు లేదు, ఫోనులో ఒక్క గీత లేదు. అప్పటి మా కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఇప్పుడు మనం చర్చిస్తున్న రెండింటిలో ఏదీ కాదు. మంచు తీసే బండి వాళ్లు అటుగా వచ్చి చూడబట్టి సరిపోయింది. నేను ఇంట్లో గంటలకొద్దీ ఆమె నంబరు నొక్కుతూ కూర్చున్నాను. ఆ రాత్రి నుంచి నాకు ఫోను అంటే ముందు మోగాలి, ఎత్తితే వినబడాలి. మ్యాపు, సిమ్, 4జీ, అన్నీ ఆ తరవాతే.

పెన్నాతీరం గారికి ఒక మాట. జీతం ఇక్కడ, ఇల్లు ఇక్కడ, పిల్లల బడి ఇక్కడ. ఫోను మాత్రం ట్రంకు రోడ్డులో పనిచేయాలి! మీరు శరీరంతో ఇక్కడ ఉండి మనసుతో విమానాశ్రయంలో కూర్చున్నారు. అందుకే ఏ వస్తువు చూసినా పెట్టెలో పడుతుందా లేదా అని చూస్తారు.

చింతచిగురు
మధ్యాహ్నం 1:12

కాస్త నెమ్మదిగా మాట్లాడుకుందాం అండి.

పెన్నాతీరం
మధ్యాహ్నం 1:40

మీ ఆవిడకు జరిగినది విని నిజంగా బాధ కలిగింది. కానీ ఆ చివరి మాట అనవలసింది కాదు.

నేను విమానాశ్రయంలో కూర్చున్నానా? కూర్చోబెట్టారు. నాది హెచ్1బీ, తాత్కాలిక ఉద్యోగ వీసా. ఈబీ-2 అనే గ్రీన్ కార్డు వరసలో మనవాళ్ల వంతు ఇంకా 2006లో అర్జీ పెట్టినవారి దగ్గరే ఆగి ఉంది. నా అర్జీ దానికి చాలా వెనక. ప్రాజెక్టు పోతే మూడు వారాల్లో ఎక్కడ ఉంటానో నాకే తెలియదు. మీరు 199 డాలర్ల ధర చూస్తున్నారు, నేను దాని కింద రాసిన షరతు చూస్తున్నాను. వెరిజాన్‌లో మధ్యలో మానేస్తే 350 డాలర్లు, నెలకు పది చొప్పున తగ్గుతుంది. ఏడాది తరవాత వెళ్లిపోవాల్సి వస్తే 230 కట్టి, ఏ దేశంలోనూ సిమ్ పట్టని ఫోనును వెంట తీసుకెళ్లాలి. ఏటీ అండ్ టీలోనూ 325 ఉంది, కాదనను. కానీ ఆ ఫోను కనీసం నాతో వచ్చి పనిచేస్తుంది. సిమ్ గురించి పట్టుబడుతున్నానంటే కారణం ఇదే. గ్రీన్ కార్డు జేబులో పెట్టుకుని మాట్లాడేవారికి ఇది అర్థం కాదు.

నీలాంబరి
మధ్యాహ్నం 2:15

ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను. 2009లో మా వారి ఉద్యోగం పోయింది. మాకు రెండు ఫోన్లు, ఒక కంపెనీ, రెండేళ్ల కాంట్రాక్టు. పేరు రాయను. ఇండియా వెళ్లిపోతున్నామని చెబితే టిక్కెట్టు కాగితాలు చూపించమన్నారు, చూపించాం. చివరికి రెండు లైన్లకూ పూర్తి జరిమానా వేశారు. ఇల్లు ఖాళీ చేస్తూ, మంచాలు, కుక్కర్లు పక్కింటివాళ్లకు ఇస్తూ, ఆ బిల్లు కట్టాం. కట్టకపోతే మళ్లీ వచ్చినప్పుడు క్రెడిట్ రిపోర్టులో కూర్చుంటుందని భయం. తిరిగి వచ్చాం, నిజమే. ఇప్పటికీ నేను నెలవారీ ప్రీపెయిడ్ తప్ప వాడను. ఐఫోన్ మీద నాకూ మోజు ఉంది. కానీ ఆ సంతకం చేయడానికి నా చెయ్యి కదలదు.

ముక్కుసూటి
మధ్యాహ్నం 2:50

పెన్నాతీరం గారూ, నా జేబులో గ్రీన్ కార్డు ఉందని మీకు ఎవరు చెప్పారు? నేనూ అదే వరసలో ఉన్నాను, అదే ఈబీ-2. నాదీ 2006 తరవాతి తేదీయే.

మొదట్లో నేనూ మీలాగే ఉండేవాణ్ని. సోఫా కొనలేదు, "ఎలాగూ వెళ్లిపోతాం కదా" అని. పిల్లవాడిని ఈత నేర్పించే చోట చేర్చలేదు, ఏడాది ఫీజు ముందే కట్టాలని. గోడకు ఒక ఫోటో తగిలించలేదు, మేకు కొడితే డిపాజిట్ పోతుందని. అలా ఏళ్లు గడిచాయి, వంతు రాలేదు, మేం వెళ్లనూ లేదు. ఆ మంచు రాత్రి తరవాత మా ఆవిడ అడిగింది, "మనం ఎప్పుడు బతకడం మొదలుపెడతాం?" అని. సోఫా కొన్నాం. మేకులు కొట్టాం. రెండేళ్ల కాంట్రాక్టుకు భయపడి నా పిల్లల బాల్యాన్ని వాయిదా వేయలేను. వెళ్లాల్సి వస్తే 230 డాలర్లు కడతాను. నాకు అది జరిమానా కాదు, ఇక్కడ నిశ్చింతగా ఉన్నందుకు కట్టిన అద్దె.

గోరింట
మధ్యాహ్నం 3:02

ఇద్దరూ ఒకే వరసలో నిలబడి ఇంతసేపు ఫోను గురించి కొట్టుకున్నారా!

పెన్నాతీరం
మధ్యాహ్నం 3:30

ముక్కుసూటి గారూ, మీ అర్జీ సంగతి నాకు తెలియదు, మీరూ ముందు చెప్పలేదు. అయినా నా మాట మారదు.

మీకు వెళ్లాల్సి వస్తే 230 డాలర్లు. నాకు అంతకంటే ఎక్కువే పోతుంది. మా నాన్నగారికి డెబ్బై దాటాయి. రాత్రి పదకొండు దాటాక ఫోను మోగితే అక్కడ పొద్దున్న అని తెలిసినా నా గుండె ఆగినంత పని అవుతుంది. ఏ రోజు ఏ కబురు వచ్చినా రెండు పెట్టెలతో బయలుదేరేలా ఉండాలన్నది నా పట్టుదల. మీరు దాన్ని బతకకపోవడం అంటున్నారు. మా నాన్నగారికి నేను ఇచ్చిన మాట అది. సోఫా మా ఇంట్లోనూ లేదు. దాని గురించి మా ఆవిడ ఏ రోజూ అడగలేదు, మేమిద్దరం కలిసి అనుకున్నదే కాబట్టి.

నీలాంబరి
మధ్యాహ్నం 3:52

ఆవిడను ఒకసారి అడిగి చూడండి అన్నగారూ. నన్నూ మా వారు అడగలేదు, నేనూ చెప్పలేదు. తప్పుగా అనుకోవద్దు.

బే వాసి
సాయంత్రం 4:10

కాంట్రాక్టు వద్దనుకునేవారికి వెరిజాన్ 16 జీబీ పూర్తి ధర దాదాపు 650 డాలర్లు. లాక్ తీసిన ఏటీ అండ్ టీ ఫోనును టీ-మొబైల్ ప్రీపెయిడ్‌లో వాడవచ్చు, కానీ వాళ్ల 3జీ తరంగాలు దీనికి పడవు కాబట్టి ఎడ్జ్ అనే పాత, నెమ్మది వేగమే వస్తుంది. ఇంకో సంగతి, వెరిజాన్ అపరిమిత డేటాలోనూ షరతు ఉంది. అందరికంటే ఎక్కువ వాడే అయిదు శాతం మందికి వేగం తగ్గిస్తామని 3వ తేదీనే ప్రకటించారు.

పాలపిట్ట
సాయంత్రం 4:18

వెరిజాన్‌లోనే ఉన్న ఆండ్రాయిడ్ ఫోను డ్రాయిడ్ ఎవరూ చూడరా? ధర తక్కువ.

చింతచిగురు
సాయంత్రం 4:25

డ్రాయిడ్‌లో ఈ చర్చ తెరిస్తే అక్షరాల బదులు ఖాళీ గళ్లు వస్తాయి. ఐఫోన్‌లో తెలుగు కనబడుతోంది, ఇప్పుడు అందులోనే చదువుతున్నాను.

సర్క్యూట్
సాయంత్రం 4:40

చదువుతుండగా ఫోను వస్తే చదవడం ఆగిపోతుంది. గుర్తుంచుకోండి.

ముక్కుసూటి
సాయంత్రం 5:30

ఇప్పుడే వెళ్లి రెండు తీసుకున్నాను, నాకూ మా ఆవిడకూ. పెన్నాతీరం గారూ, విమానాశ్రయం మాట వెనక్కి తీసుకోను, కానీ మీ నాన్నగారి సంగతి తెలిసి ఉంటే ఆ గొంతుతో అనేవాణ్ని కాదు. మీ పాత ఏటీ అండ్ టీ ఐఫోన్ తొడుగులు ఏమైనా మిగిలి ఉంటే పంపవద్దు. శబ్దం ఆపే మీట కాస్త కిందికి జరిపారు, పాత తొడుగులు కొన్ని దీనికి సరిపోవడం లేదు.

పెన్నాతీరం
సాయంత్రం 6:05

తొడుగులు లేవు. వేసవిలో కొత్త మోడల్ వస్తుంది కదా, అందులో వెరిజాన్ ఫోనుకు కూడా సిమ్ చోటు పెడితే అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం.