స్టీలు లేని ట్రిగ్గర్ స్ప్రేయర్: ప్లాస్టిక్ స్ప్రింగు బలం గోదాంలోనే పడిపోతోంది, ఏం మార్చాలె?

చౌటుప్పల్_మౌల్డింగ్

అందరికీ నమస్తే. ఫ్లోర్ క్లీనర్, గ్లాస్ క్లీనర్ బాటిళ్లకు 28/410 మెడ (28 మి.మీ. మర సైజు) ట్రిగ్గర్ స్ప్రేయర్లు చేస్తున్నం. కస్టమర్ ఇప్పుడు లోహం ఒక్క ముక్క కూడా ఉండొద్దంటున్నడు, మొత్తం తల రీసైక్లింగ్‌కు పనికిరావాలంట. పాత డిజైన్‌లో 304 స్టీలు స్ప్రింగు, కింద వాల్వుకు స్టీలు బాలు (గోళీ), నాజిల్ లోపల పీఓఎమ్ (ఎసిటాల్ ప్లాస్టిక్) స్పిన్నర్, అంటే ద్రవాన్ని తిప్పి తుంపర చేసే ముక్క. పిస్టన్ ఎల్డీపీఈ (మెత్తటి పాలిథీన్), మిగతాదంత పీపీ (పాలీప్రొపిలీన్).

స్టీలు స్ప్రింగు తీసి అదే జాగల పీపీ బెల్లో (మడతల గొట్టం లెక్క స్ప్రింగు) పెట్టినం, బాలు కూడా పీపీదే పెట్టినం. మౌల్డు అయిన రోజు మంచిగనే కొడుతుంది. కార్టన్‌లో ఎండాకాలం రెండు నెలలు ఉన్న సరుకు తీస్తే ట్రిగ్గర్ సగమే వెనక్కి వస్తుంది, ఎంత నొక్కినా మందు (క్లీనర్ ద్రవం) ఎక్కుతలేదు, పక్కకు పడుకోబెడితే కారుతుంది. పిస్టన్ 14 మి.మీ., స్ట్రోకు 7 మి.మీ. లారీలో కారకుండా లాక్ క్లిప్పు ట్రిగ్గర్‌ను సగం నొక్కి పట్టుకునేటట్టు పెట్టినం. బెల్లో మందం పెంచితే సరిపోతుందా? పీఓఎమ్‌తో చేస్తే నయమా?

పంపు_డ్రాయింగ్

మందం పెంచకండి, బలం ఇంకా తొందరగా పడిపోతుంది.

ముందు ఆ క్లిప్పు సంగతి చూడండి. స్టీలు స్ప్రింగును సగం నొక్కి నెలల తరబడి ఉంచినా మళ్లీ లేస్తుంది. పీపీని వంచి ఉంచితే బలం రోజురోజుకూ వదిలేస్తుంది, వేడిలో మరీను. మన దగ్గర మే నెలలో బయటే 44, 45 డిగ్రీలుంటే రేకుల షెడ్డులో, టార్పాలిన్ కప్పిన లారీలో ఇంకా ఎక్కువే. కాబట్టి ట్రిగ్గర్ వదిలేసి ఉన్నప్పుడు స్ప్రింగు మీద లోడు సున్నాకు దగ్గరగా ఉండాలి. స్టీలు స్ప్రింగు జాగలోనే బెల్లో కూర్చోబెట్టారంటే అసెంబ్లీలోనే అది కొంత నొక్కుకొని ఉంటుంది, దానిమీద క్లిప్పు ఇంకాస్త నొక్కుతోంది. లాకు ట్రిగ్గర్ వదిలేసి పూర్తిగా ముందుకు ఉన్నప్పుడే పడాలి. లేదంటే నాజిల్ తిప్పితే మూసుకునేటట్టు చేయండి.

కారడం కూడా ఇందులోదే. బాటిల్లోకి గాలి పోవడానికి సిలిండర్ గోడకు వెంట్ రంధ్రం ఉంటుంది కదా. పిస్టన్ పూర్తిగా వెనక్కి వచ్చినప్పుడే దాని అంచు ఆ రంధ్రాన్ని మూస్తుంది. సగం నొక్కి లాక్ చేస్తే వెంట్ తెరిచే ఉంటుంది. కారకూడదని పెట్టిన క్లిప్పే కారుస్తోంది! క్లిప్పు తీశాక కూడా స్ప్రింగు సగంలో ఆగిపోతే అదే గతి.

ఇక స్ప్రింగు బలం. 14 మి.మీ. పిస్టన్ అంటే సుమారు 154 చదరపు మి.మీ. వైశాల్యం, 7 మి.మీ. స్ట్రోకుకు 1.08 మి.లీ., అది సరిపోతుంది. 20 సెం.మీ. లోతు నుంచి నీళ్లను పైకి లాగడానికి కావలసింది 0.3 న్యూటన్ మాత్రమే. మిగతా బలమంతా పిస్టన్ పెదవి ఒరిపిడికే ఖర్చవుతుంది. అందుకని స్ప్రింగును బలంగా చేసే ముందు పెదవి బిగువు తగ్గించండి. పెదవి వ్యాసం సిలిండర్ కంటే 0.15 మి.మీ. ఎక్కువ ఉండే బిగువుతో మొదలుపెట్టి, లీకు టెస్టు పాసవుతున్నంతవరకు తగ్గిస్తూ పోండి. ఎల్డీపీఈ పిస్టన్ అలాగే ఉండనివ్వండి. పీపీ సిలిండర్‌లో పీపీ పిస్టన్ పెడితే కీచుమంటుంది, అరుగుతుంది.

స్ప్రింగును సిలిండర్‌లోంచి తీసి బయట ట్రిగ్గర్ వెనక వంపు తిరిగిన పట్టీలుగా పెట్టడం మేలు. మందుకు తగలదు కాబట్టి బ్లీచ్ క్లీనర్లకూ అదే తల వాడొచ్చు. ఒక పట్టీ 30 మి.మీ. పొడవు, 1.6 మి.మీ. మందం ఉండి కొస 10 మి.మీ. కదిలితే పట్టీ మొదలు దగ్గర సాగుదల 2.7 శాతం దాకా పోతుంది, అది ఎక్కువ. 1.2 మి.మీ. పట్టీలు రెండు పక్కపక్కన పెడితే సాగుదల 2 శాతానికి దిగుతుంది, బలం మాత్రం పాతదానిలో 84 శాతం మిగులుతుంది. బలం మందం ఘనంతో మారుతుంది, సాగుదల మందంతో నేరుగా మారుతుంది. మందం పెంచొద్దన్నది అందుకే. పట్టీ మొదలు దగ్గర మూలకు రేడియస్ (గుండ్రటి వంపు) మందంలో సగమైనా ఇవ్వండి. హోమోపాలిమర్ పీపీ తీసుకోండి. ఇంపాక్ట్ కోపాలిమర్ (రబ్బరు కలిసిన రకం) వంపు దగ్గర తెల్లబడుతుంది.

పీపీ బాలు సాంద్రత 0.9, నీళ్లలో తేలుతుంది. తేలే బాలు సీటు మీద ఎట్లా కూర్చుంటుంది? మందు ఎక్కకపోవడానికి ఒక కారణం అది. దాని బదులు మూడు సన్నని కాళ్ల మీద నిలిచే ఎల్డీపీఈ బిళ్ల వాల్వు పెట్టండి, బిళ్ల మందం 0.4 మి.మీ. దగ్గర. కాళ్లే దాన్ని సీటు మీదికి నొక్కుతాయి. డిప్ ట్యూబు నింపి పది నిమిషాలు నిలువుగా వేలాడదీయండి, నీటి మట్టం దిగితే సీటు బాగాలేదన్నట్టు.

పాలమూరు_గ్రైండర్

తుక్కు కొనేటోళ్ల దిక్కునుంచి రెండు మాటలు. పీఓఎమ్ పెట్టకుండ్రి. సాంద్రత 1.41, తేలేవి మునిగేవి ఏరే నీళ్ల ట్యాంకుల పెట్ ఫ్లేకు (బాటిల్ ముక్కలు)తోపాటు అడుక్కు పోతది. పెట్ కరిగించే వేడికి అది విడిపోయి ఫార్మాల్డిహైడ్ వాసన కొడతది, మాల్ ఖరాబైతది. స్పిన్నర్ కూడా పీపీలనే చేయుండ్రి.

స్టీలు బాలు గ్రైండర్ బ్లేడ్ల అంచులు లేపుతది. 304 రకం అయస్కాంతానికి సరిగ్గ దొరకదు, గాజు బాలు అసలే దొరకదు. అందుకే కబాడీల ఈ తలలు తిప్పి పారేస్తరు.

ఇంకొకటి, రేటు తగ్గుతదని ఫిల్లర్ మాస్టర్‌బ్యాచ్ కొడతరు సూడుండ్రి, అది బంద్ చేయుండ్రి. 20 శాతం టాల్క్ కలిపిన పీపీ సాంద్రత 1.04 దాక పోతది, మునుగుతది. గంత కష్టపడి స్టీలు తీసినంక ఫిల్లర్‌తో ముంచుకుంటే ఏం లాభం? నల్ల రంగు కార్బన్ బ్లాక్‌తో వద్దు, సార్టింగ్ మిషన్ కెమెరాకు కనబడదు. పీవీసీ ష్రింక్ స్లీవ్ అసలే వద్దు.

పరీక్ష ఇంట్లనే అయితది. మొత్తం తలను 10–12 మి.మీ. ముక్కలు చేసి, బకెట్ నీళ్లల్ల రెండు చుక్కల డిటర్జెంట్ ఏసి మంచిగ కలపుండ్రి, లేకుంటే గాలి బుడగలకు మునగాల్సినవి కూడా తేలుతయి. అడుక్కు పోయిందల్ల మార్చాల్సిన పార్టు.

బాటిల్ పెట్ అయితే ఈ తల తేలి ఏరైతది. హెచ్‌డీపీఈ (గట్టి పాలిథీన్) అయితే రెండూ తేలుతయి, పీపీ అందుల కలుస్తది. కొంచెమైతే నడుస్తది గాని దాన (ప్లాస్టిక్ గింజలు) రేటు తగ్గుతది. మీ బాటిల్ ఏదో ముందుగాల చెప్పుండ్రి.

టూల్‌రూమ్_టిప్స్

పైన చెప్పినవన్నీ సరే, కానీ పిస్టన్ బిగువు 0.15 మి.మీ. నిలవాలంటే సిలిండర్ గుండ్రంగా రావాలి. పీపీ కుంచించుకోవడం మౌల్డు నుంచి తీశాక కూడా సాగుతుంది, కొలతలు 24 గంటల తర్వాతే తీయండి. మన బోరు నీళ్ల గురించి చెప్పక్కర్లేదు. నేరుగా మౌల్డు కూలింగ్‌కు పెడితే చానళ్లలో సున్నం గట్టిపడి ఒక పక్క చల్లారి ఇంకో పక్క వేడిగానే ఉంటుంది, సిలిండర్ కోడిగుడ్డు ఆకారం తిరుగుతుంది. సాఫ్ట్‌నర్ నీళ్లతో, చిల్లర్ మీద మూసిన లూపు పెట్టుకోండి.

స్ప్రింగు పట్టీలకు గేటు (ప్లాస్టిక్ లోపలికి వచ్చే దారి) వంగే చోట వద్దు, కరిగిన ప్లాస్టిక్ రెండు దిక్కుల నుంచి కలిసే గీత కూడా అక్కడ పడొద్దు. బిళ్ల వాల్వుకు ఫ్లాష్ (అంచుకు కారిన పల్చటి ప్లాస్టిక్) వస్తే మొత్తం వృథా, సీటు ఇన్సర్టు విడిగా మార్చుకునేటట్టు చేసుకోండి. సిలిండర్ లోపలి గోడ మొత్తం ఒకే కోర్ పిన్‌తో రావాలి, పార్టింగ్ గీత (మౌల్డు రెండు సగాలు కలిసే గీత) అక్కడ పడితే పిస్టన్ పెదవి నిలవదు.

చౌటుప్పల్_మౌల్డింగ్

అందరికీ చాలా థ్యాంక్స్. బాటిల్ 500 మి.లీ. పెట్. ప్లాస్టిక్ వ్యర్థాల రూల్స్‌ల కేటగిరీ 1 (గట్టి ప్లాస్టిక్ ప్యాకింగు) కింద రీసైకిల్ ప్లాస్టిక్ 2025-26 నుంచి 30 శాతం వాడాలె, 2028-29కి 60 అయితది కదా. ఆ దాన స్ప్రింగుకు కూడా కలపొచ్చా? ఇంకొక డౌటు: ఒక కస్టమర్ బత్తాయి వాసన క్లీనర్ చేస్తడు, నారింజ తొక్క నూనె ఏస్తడు. ఏమన్న తేడా వస్తదా?

పంపు_డ్రాయింగ్

స్ప్రింగు, పిస్టన్, వాల్వు మూడింటికీ కొత్త దానే వాడండి. రీసైకిల్ దాన బ్యాచ్‌కు ఒక తీరుగా ఉంటుంది, స్ప్రింగు బలం ఒక లాట్‌లో ఒకలా, ఇంకో లాట్‌లో ఇంకోలా వస్తుంది. మూత, పై తొడుగులో కలపండి. మీ శాతం ఎక్కువగా బాటిల్ నుంచే వస్తుంది, అక్కడ తల కంటే ప్లాస్టిక్ చాలా ఎక్కువ.

తొక్క నూనెలో లిమోనీన్ ఉంటుంది. అది పీపీని ఉబ్బిస్తుంది, ఎల్డీపీఈని ఇంకా ఎక్కువ. పిస్టన్ పెదవి ఉబ్బి బిగుసుకుంటే ఎంత మంచి స్ప్రింగైనా వెనక్కి లాగలేదు. ఆ కస్టమర్ మందు శాంపిల్‌లోనే పిస్టన్లు, వాల్వులు ముంచి 50 డిగ్రీల ఓవెన్లో వారం ఉంచండి. ముందూ తర్వాతా పెదవి వ్యాసం కొలవండి. 0.1 మి.మీ. పెరిగినా హెచ్‌డీపీఈ పిస్టన్‌కు మారాల్సిందే, దానికి పెదవి ఇంకాస్త సన్నగా తీయాలి. స్ప్రింగు పరీక్షకు కూడా ఆ ఓవెనే వాడండి: సగం తలలు లాకుతో, సగం లాకు లేకుండా 24 గంటలు పెట్టి, చల్లారాక ట్రిగ్గర్ బలం కొలవండి. రెండింటి మధ్య తేడా కనబడితే లాకు ఇంకా ఎక్కడో నొక్కుతున్నట్టే.