పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోవడం అరుగుదలేనా?

కవిటి_కొబ్బరి: అమ్మకి 52. రెండు చేతుల వేళ్ల కణుపులూ వాచి రెండు నెలలైంది. పొద్దున్న గంట దాటితే గానీ పిడికిలి పట్టదు. ఊళ్లో ఆరెంపీ అరుగుదలంటూ డైక్లోఫెనాక్ నొప్పి మాత్రలు ఇస్తున్నారు. యూరిక్ యాసిడ్ 6.4. గౌట్ (యూరిక్ యాసిడ్ పేరుకుని వచ్చే కీళ్ల వాపు) అంటారా? ఏటి చెయ్యాలి?

ల్యాబ్_బాబు: గౌట్ సాధారణంగా ఇలా మొదలవదండి. ఎక్కువగా కాలి బొటనవేలి మొదట్లో రాత్రికి రాత్రే ఎర్రగా వాస్తుంది, దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు. 6.4 చూసి గౌట్ మందు మొదలెట్టొద్దు. అరుగుదలైతే బిగుతు అరగంటలోపే వదులుతుంది, వాడేకొద్దీ నొప్పి పెరుగుతుంది. మీ అమ్మగారి లక్షణాలు రుమటాయిడ్ (ఒంట్లోని రోగనిరోధక శక్తే కీళ్ల మీద దాడి చేసే కీళ్లవాతం) వైపే చూపిస్తున్నాయి. ఈఎస్ఆర్, సీఆర్పీ, ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ రక్తపరీక్షలు చేయించండి. ఆర్ఏ ఫ్యాక్టర్ నెగెటివ్ వచ్చినా జబ్బు ఉండొచ్చు, దాంతో చాలామంది మోసపోతారు.

పలాస_జీడి: ముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష)! కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మన ఉద్దానంలో ఉంటూ అది చూడకుండా డైక్లోఫెనాక్ మింగడమేటండీ? కిడ్నీకి రక్తం తగ్గించే మందది. డాక్టరుకి చూపించేదాకా పారాసెటమాలే మేలు. అన్నట్టు, ఈమధ్య జ్వరమొచ్చిందా? చికున్‌గున్యా తర్వాతా నెలల తరబడి ఇలాగే ఉంటుంది.

ల్యాబ్_బాబు: అవును, అది అడగడం మరిచాను. ఇంకొకటి, రుమటాయిడ్‌కి వాడే మెథోట్రెక్సేట్ రాస్తే వారానికి ఒక్కరోజే. రోజూ వేస్తే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. వారంలో ఏ రోజో చీటీ మీద రాయించుకోండి. కిడ్నీ బాగోకపోతే ఆ మోతాదూ మారుతుంది.