మధ్యస్థ బడ్జెట్‌లో గ్రాఫిక్స్ కార్డు మార్చాలి: కొత్త 8 జీబీయా, 16 జీబీయా, సెకండ్‌హ్యాండా?

బోర్డు450:
పాత కార్డు పూర్తిగా పోయింది, డిస్‌ప్లే రావడం లేదు. మిగతా సిస్టమ్ ఇదీ: రైజెన్ 5 3600, బీ450 బోర్డు, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్, 550 వాట్ల పవర్ సప్లై, 1440పీ (నిలువున 1440 చుక్కల రిజల్యూషన్) మానిటర్. ఎక్కువగా సింగిల్ ప్లేయర్ గేములు, అప్పుడప్పుడు బ్లెండర్ (3డీ బొమ్మల సాఫ్ట్‌వేర్). నా లిస్టులో మూడున్నాయి, పక్కన జీబీ అంటే కార్డు మీది మెమరీ. కొత్త ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 5060 8 జీబీ, ఇంకాస్త పెడితే ఏఎమ్‌డీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీ, సెకండ్‌హ్యాండ్‌లో ఆర్‌ఎక్స్ 6700 ఎక్స్‌టీ 12 జీబీ. రివ్యూల్లో 5060 యావరేజ్ ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు) బాగానే ఉంది. మరి 8 జీబీ చాలదని ఎందుకంటున్నారు?

ఫ్రేమ్‌టైమ్:
1440పీకి 8 జీబీ ఇరుకే. మీ బోర్డు మీద మరీ ఇరుకు. 5060 బోర్డు స్లాట్‌లోని 16 లేన్లలో (డేటా వెళ్ళే దారుల్లో) 8 మాత్రమే వాడుకుంటుంది. రివ్యూ చేసేవాళ్ళు దాన్ని పీసీఐఈ (ఆ స్లాట్ ప్రమాణం) 5.0 బోర్డుల మీద పరీక్షిస్తారు, మీ బీ450 పీసీఐఈ 3.0. అక్కడ 8 లేన్లంటే సెకనుకు సుమారు 8 జీబీ దారి. కార్డు మీదున్న మెమరీ వేగమేమో సెకనుకు 448 జీబీ. గేమ్ 8 జీబీలో ఇమిడినంతసేపూ ఈ తేడా దాదాపు తెలియదు. ఇమడకపోతే టెక్స్చర్లు (గేమ్‌లో వస్తువుల పైపొర బొమ్మలు) సిస్టమ్ ర్యామ్‌లోకి పొంగి, ఆ సన్నదారిలోనే వెనక్కి రావాలి. అప్పుడు యావరేజ్ ఎఫ్‌పీఎస్ 70 చూపిస్తున్నా కెమెరా తిప్పిన ప్రతిసారీ కుదుపు. కొన్ని గేములు కుదపవు కూడా, చడీచప్పుడు లేకుండా గోడల మీద మసక టెక్స్చర్లు పెట్టేస్తాయి. బార్ గ్రాఫులో అది కనపడదు.

9060 ఎక్స్‌టీకి 16 లేన్లున్నాయి. మీ బోర్డు మీద కూడా సెకనుకు దాదాపు 16 జీబీ దారి వస్తుంది. పైగా 16 జీబీ మెమరీ ఉంది కాబట్టి ఆ దారి తొక్కాల్సిన అవసరమే తక్కువ.

వాట్‌లెక్క:
ఫ్రేమ్‌టైమ్ గారూ, లేన్ల లెక్క నిజమే గానీ మీరు అల్ట్రా సెట్టింగ్‌నే కొలతగా పెట్టుకుంటున్నారు. టెక్స్చర్ ఒక్క మెట్టు దించి 'హై'లో పెడితే చాలా గేములు 8 జీబీలో ఇముడుతాయి. ఆడుతున్నప్పుడు తేడా పట్టుకోవడం కష్టం. ఆఫ్టర్‌బర్నర్ (కార్డు పనిని చూపే సాఫ్ట్‌వేర్)లో మామూలుగా కనిపించే మెమరీ అంకె గేమ్ తీసిపెట్టుకున్నది, అదంతా నిజంగా వాడుతున్నట్టు కాదు. అది చూసి 8 జీబీ నిండిపోయిందని చాలామంది కంగారుపడతారు.

అసలు నా అభ్యంతరం వేరే. రైజెన్ 5 3600తో ఇప్పటి భారీ గేముల్లో సీపీయూయే ముందు చేతులెత్తేస్తుంది. డబ్బంతా కార్డుకే పోయకుండా 5060 తీసుకుని, మిగిలినదానితో రైజెన్ 5 5600 వేస్తే ఫ్రేములు నిలకడగా వస్తాయి. సాకెట్ అదే, బయోస్ (బోర్డు లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తే బీ450 తీసుకుంటుంది.

ఫ్రేమ్‌టైమ్:
టెక్స్చర్ తగ్గించమనడమే నాకు మింగుడుపడదు. మెమరీ ఉంటే ఎఫ్‌పీఎస్ దాదాపు ఏమీ కోల్పోకుండా బొమ్మను మెరుగుపరిచే సెట్టింగ్ అదొక్కటే. కొత్త కార్డు కొని మొదటిరోజే దాన్ని దించుకోవడమెందుకు? డీఎల్‌ఎస్‌ఎస్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసే ఎన్‌విడియా పద్ధతి) ఆదుకుంటుందనుకుంటే, అది 1440పీ క్వాలిటీ మోడ్‌లో లోపల 960పీలో గీస్తుంది. తగ్గేవి రెండర్ బఫర్లు (ఫ్రేమ్ గీయడానికి పట్టే మెమరీ), టెక్స్చర్లు కావు. ఫ్రేమ్ జనరేషన్ (మధ్యలో అదనపు ఫ్రేములు పుట్టించడం), రే ట్రేసింగ్ (వెలుగును నిజంలా లెక్కగట్టడం) ఆన్ చేస్తే మెమరీ ఇంకా ఎక్కువ కావాలి. అంటే 5060ని అమ్మేటప్పుడు ముందు చెప్పే ఫీచర్లే దాని 8 జీబీని తినేస్తాయి.

సీపీయూ సంగతి ఒప్పుకుంటాను. కానీ వరుస మార్చండి. ముందు మంచి కార్డు, తర్వాత వీలున్నప్పుడు 5600. సీపీయూ ఎప్పుడైనా మార్చుకోవచ్చు, కార్డు మెమరీకి తర్వాత ఇంకో చిప్పు అతికించలేం. కార్డు వచ్చాక గేమ్‌ను 720పీకి దించి చూడండి. ఎఫ్‌పీఎస్ కదలకపోతే అడ్డు సీపీయూది. బాగా పెరిగితే దాన్ని ఇప్పుడే మార్చనక్కర్లేదు.

చేతులుమారిన‌కార్డు:
6700 ఎక్స్‌టీని ఎవరూ పట్టించుకోలేదు. 12 జీబీ, 192 బిట్ మెమరీ బస్, 16 లేన్లు. మీ బోర్డు మీద 8 జీబీలో ఇమడని గేములు 5060 కంటే దీనిలోనే కుదుపు తక్కువగా నడుస్తాయి. రే ట్రేసింగ్‌లో బలహీనం, ఎఫ్‌ఎస్‌ఆర్ 4 (డీఎల్‌ఎస్‌ఎస్ లాంటి ఏఎమ్‌డీ పద్ధతి) దీనికోసం చేసింది కాదు, కరెంటు 230 వాట్లు. ఈ మూడూ పర్వాలేదనుకుంటేనే చూడండి.

చూసేటప్పుడు నడిపించకుండా కొనొద్దు. జీపీయూ-జెడ్ (కార్డు వివరాలు చూపే టూల్)లో పేరు, మెమరీ, బస్ వెడల్పు సరిపోలాలి. ఇరవై ముప్పై నిమిషాలు లోడ్ పెట్టి కోర్ ఉష్ణోగ్రతకూ హాట్‌స్పాట్‌కూ (చిప్‌లో అన్నిటికన్నా వేడిగా ఉన్న చోటు) తేడా చూడండి. 30 డిగ్రీలు దాటితే చిప్ మీది థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉండాలి, లేదా కూలర్ సరిగ్గా కూర్చోలేదు. ఓసీసీటీ టూల్‌లో వీర్యామ్ (కార్డు మెమరీ) టెస్ట్‌కు ఒక్క ఎర్రర్ వచ్చినా వదిలేయండి, అది పేస్ట్ మారిస్తే పోయేది కాదు. అన్ని పోర్టులకూ కేబుల్ పెట్టి చూడాలి. బరువైన కార్డులు వేలాడి స్లాట్ లాక్ అయ్యే కొక్కెం దగ్గర పీసీబీ (కార్డు పలక) చిట్లుతుంది, అక్కడ టార్చి వేసి చూడండి. మైనింగ్‌లో వాడారన్నంత మాత్రాన భయపడక్కర్లేదు. ముందు అరిగేవి ఫ్యాన్లు, థర్మల్ ప్యాడ్లు. అవి మార్చుకోవచ్చు.

నోడ్‌గ్రాఫ్:
బ్లెండర్ గురించి ఒక మాట. అందులోని సైకిల్స్ రెండర్‌లో ఎన్‌విడియా కార్డు తన ఆప్టిక్స్ సాఫ్ట్‌వేర్ మీద ముందుంటుంది, అదే స్థాయి ఏఎమ్‌డీ కార్డు తన హిప్ సాఫ్ట్‌వేర్ మీద వెనకబడుతుంది. ఆ పనితో సంపాదిస్తుంటే ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 16 జీబీ చూడండి. అదీ 8 లేన్లదే, కానీ 16 జీబీ ఉంది కాబట్టి ఇరుకుదారి బాధ అరుదు. అప్పుడప్పుడే అయితే బ్లెండర్‌ను బట్టి నిర్ణయించకండి. ఇంకోటి, 5060 టీఐ, 9060 ఎక్స్‌టీ రెండూ ఒకే పేరుతో 8 జీబీలోనూ, 16 జీబీలోనూ వస్తున్నాయి. బిల్లు వేయించే ముందు పెట్టె మీద అంకె చదవండి.

వాట్‌లెక్క:
పీసీఐఈ 3.0, 1440పీ రెండూ కలిశాయి కాబట్టి ఈయన విషయంలో 16 జీబీకి ఒప్పుకుంటున్నాను. 1080పీలో మల్టీప్లేయర్ ఆడేవాళ్ళకు మాత్రం 5060 పనికిరాదంటే ఒప్పుకోను. ఆ గేములు 8 జీబీ నింపవు.

పవర్ విషయానికొస్తే, 9060 ఎక్స్‌టీ 16 జీబీ 160 వాట్లు, చాలా మోడళ్ళకు ఒక్క 8 పిన్ కరెంటు కనెక్టర్ చాలు. 3600 పూర్తి లోడ్‌లో 88 వాట్లు, మిగతావన్నీ కలిపి ఓ 60. పవర్ సప్లై లేబుల్ మీద 12 వోల్టుల లైన్ ఎన్ని ఆంపియర్లో చూడండి. 40 ఉంటే 480 వాట్లు, బోలెడు. సాటా కనెక్టర్ నుంచి 8 పిన్‌కు మార్చే అడాప్టర్ మాత్రం వాడొద్దు. సాటా 54 వాట్లకే, 8 పిన్ 150 వాట్లకు. వైరు కరుగుతుంది.

బోర్డు450:
అయితే 9060 ఎక్స్‌టీ 16 జీబీయే. వచ్చాక ఏం చేయాలి? విండోస్ పాత ఎంబీఆర్ పద్ధతిలో విభజించిన డిస్క్ మీదుంది.

ఫ్రేమ్‌టైమ్:
3600లో గ్రాఫిక్స్ లేదు కాబట్టి కార్డు పెట్టాకే ఏదైనా. పై స్లాట్‌లోనే పెట్టండి, కింది పొడుగు స్లాట్ బీ450లో సాధారణంగా 4 లేన్లదే. సేఫ్ మోడ్‌లో, ఇంటర్నెట్ తీసేసి, డీడీయూ టూల్‌తో పాత డ్రైవర్ తుడిచి కొత్తది వేయండి.

తర్వాత రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్నీ సీపీయూ ఒకేసారి అందుకునే సెట్టింగ్). దానికి బయోస్‌లో సీఎస్‌ఎమ్ (పాత పద్ధతి బూట్) ఆఫ్ చేయాలి, కానీ డిస్క్ ఎంబీఆర్‌లో ఉండగా ఆఫ్ చేస్తే విండోస్ బూట్ కాదు. ముందు బ్యాకప్ తీసి, విండోస్‌లోనే ఉండే ఎంబీఆర్2జీపీటీ టూల్‌ను వ్యాలిడేట్‌తో నడపండి. పాసైతేనే కొత్త జీపీటీ పద్ధతికి కన్వర్ట్. ఆ తర్వాత బయోస్ అప్‌డేట్ చేసి, సీఎస్‌ఎమ్ ఆఫ్, అబవ్ 4జీ డీకోడింగ్ ఆన్, రీసైజ్ బార్ ఆన్. చివర్లో జీపీయూ-జెడ్‌లో బస్ ఇంటర్‌ఫేస్ పక్కనున్న ప్రశ్నార్థకం నొక్కి రెండర్ టెస్ట్ నడపండి, 16 లేన్లు, 3.0 అని రావాలి. ఖాళీగా ఉన్నప్పుడు 1.1 చూపిస్తే కంగారుపడకండి, అది పవర్ ఆదా.

చేతులుమారిన‌కార్డు:
ఆర్డర్ పెట్టేముందు కేబినెట్ వెనక బ్రాకెట్ లోపలి అంచు నుంచి ముందు ఫ్యాన్ వరకు టేపు పెట్టి కొలవండి. మూడు ఫ్యాన్ల మోడళ్ళు కొన్ని 30 సెంటీమీటర్ల దాకా పోతాయి. ముందర హార్డ్‌డిస్క్ కేజ్ ఉంటే రెండు ఫ్యాన్లది తీసుకోండి, 160 వాట్లకు అదే సరిపోతుంది.