మింట్ ఎర్రరా, ఉప్పునీటి దెబ్బా? చూసినవాళ్లు చెప్పండి

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
రథసప్తమికి అరసవల్లి వెళ్లినప్పుడు కొబ్బరికాయల కొట్లో ఇచ్చిన చిల్లరలో ఒక 5 రూపాయల ఇత్తడి నాణెం వచ్చింది. సింహాల వైపు పసుపు రంగే ఉంది. రెండోవైపు మాత్రం అచ్చం రాగి కాసులా ఎర్రగా ఉంది. రాగి బిళ్ళ మీద పొరపాటున అచ్చు పడిందా? వీడియోల్లో ఇలాంటివాటికి లక్షలు పలుకుతాయంటున్నారు. రెండు రోజులుగా ఇదే టెన్షన్.

కోట వీధి (విజయనగరం):
తమ్ముడూ, ముందు తూకం వేయించు. ఆ రకం నాణెం 6 గ్రాములుండాలి. నాకైతే అది మింట్ ఎర్రర్‌లా, అంటే నాణేలు అచ్చేసే చోటే జరిగిన పొరపాటులా అనిపించడం లేదు. ఆ ఇత్తడిలో రాగి, జింక్, కాస్త నికెల్ ఉంటాయి. పులుపో ఉప్పునీరో తగిలి అలాగే ఉండిపోతే జింక్ ముందు కరిగిపోతుంది, రాగి ఎర్రగా బయటపడుతుంది. ఇంట్లో ఇత్తడి కుందులకు చింతపండు పట్టించి కడగడం మరిచిపోతే ఎర్ర మచ్చలు పడతాయి కదా, ఇదీ అంతే. భూతద్దంతో అక్షరాల అంచులు చూడు. చేతుల్లో అరిగిన చోట పసుపు కనిపిస్తే ఎరుపు పైపొర వరకే.

వలపాటి (కళింగపట్నం):
నేనూ ఇలాగే మోసపోయాను. ఇసుకలో పాత 5 రూపాయల తెల్ల నాణెం దొరికింది. అక్షరాలు సన్నగా, పలచగా ఉంటే అచ్చు సరిగా పడలేదనుకుని నెలల తరబడి దాచాను. కంసాలి కాటా మీద పెడితే 8.2 గ్రాములు తూగింది. ఉండాల్సింది 9. అచ్చు బలంగా పడకపోతే బొమ్మ ఎత్తు తగ్గుతుంది గానీ లోహం ఎక్కడికీ పోదు, బరువు దాదాపు సరిగ్గానే ఉంటుంది. నా నాణేన్ని సముద్రం, ఇసుక కలిసి అరగదీశాయి. అంచుతో సహా అన్నీ ఒకే తీరుగా పలచబడ్డాయి, బొమ్మల చుట్టూ ఉన్న చదునంతా సన్నటి గుంటలు.

కోట వీధి:
భలే చెప్పారు. అంచు ముక్క పోయిన నాణేలతోనూ ఇదే గొడవ. మింట్‌లో లోహపు రేకులోంచి బిళ్ళలు కోసేటప్పుడు, అప్పటికే కోసిన రంధ్రం మీద మళ్లీ కత్తి పడితే బిళ్ళకు చంద్రవంకలా ముక్క పోతుంది. అచ్చు పడేది ఆ తర్వాతే. అందుకే ముక్క పోయిన చోటికి సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు కూడా తరచుగా సరిగా లేవకుండా అణగి ఉంటుంది, కోత పక్క అక్షరాలు కొంచెం సాగినట్టుంటాయి. ఎవరైనా కత్తిరించిందైతే అక్షరం నిలువునా తెగిపోయి ఉంటుంది, ఎదుటి అంచు మాత్రం నిక్షేపంగా ఉంటుంది. నేను మొదట చూసేది ఆ ఎదుటి అంచునే.

నాగావళి గట్టు:
షరాబు కొట్లో చూపించాను అన్నా. 5.93 గ్రాములు. 5 అంకె మీద, అంచు మీద పసుపే మెరుస్తోంది. ఎరుపంతా పల్లంలోనే ఉంది. మనసు చివుక్కుమంది గానీ సంగతి తేలింది.

జీడితోట (పలాస):
నాదీ ఒకటి చూసి పెట్టండి. 2 రూపాయల నాణెం మీద అంచు నుంచి సింహాల దాకా వెంట్రుకంత గీత ఉంది. గీతలు పడ్డవి చాలా చూశాను గానీ ఇది వేరుగా ఉంది.

కోట వీధి:
గీత ఉబ్బి ఉందా, లోపలికి దిగి ఉందా? గోరు పెట్టి గీకకండి. చీకట్లో టార్చి పక్కనుంచి వేసి చూడండి.

జీడితోట:
ఉబ్బే ఉంది. లైటు అటు తిప్పితే నీడ ఇటు పడుతోంది. అక్షరం మీదుగా కూడా తెగకుండా పోయింది.

కోట వీధి:
అయితే అది డై పగులు. అచ్చు దిమ్మె చీలితే ఆ సందులోకి లోహం ఎక్కి గీతలా పైకి లేస్తుంది. మింట్ దాటి వచ్చాక పడ్డ గీత లోపలికే దిగుతుంది, పైకి లేవదు. లక్షలేం రావు గానీ మింట్‌లోనే పుట్టిన తేడా అది. తోమకండి, కాగితం పొట్లంలో పొడిగా ఉంచండి. ఏ సంవత్సరం? దాని కింద మింట్ గుర్తు చూడండి, చుక్కుందా, నక్షత్రముందా?

జీడితోట:
నక్షత్రం ఉందండి.

కోట వీధి:
హైదరాబాద్ మింట్. అదే గీత ఉన్న నాణేలు ఇంకా ఉండొచ్చు, మీ ఊరి చిల్లరలో వెతుకుతూ ఉండండి.