పోర్ట్‌ఫోలియోలో ఎన్ని ప్రాజెక్టులు పెట్టాలి?

ప్రశ్న:
సభ్యులకు నమస్కారం. నేను అమీర్‌పేటలో ఫుల్ స్టాక్ కోర్సు (వెబ్‌సైట్ ముందు భాగం, సర్వర్ భాగం రెండూ నేర్పేది) పూర్తిచేసి ఉద్యోగం వెతుక్కుంటున్నాను. షాపింగ్ సైట్, టు-డూ లిస్ట్, వాతావరణం చూపే యాప్ వంటి ప్రాజెక్టులు నా గిట్‌హబ్‌లో (కోడ్ దాచి నలుగురికీ చూపే సైట్) చాలానే ఉన్నాయి గానీ, అన్నీ శిక్షణలో చేసినవే. వీటన్నిటినీ పోర్ట్‌ఫోలియోలో, అంటే నా పనులు చూపే సైట్‌లో, పెట్టాలా? సొంత డొమైన్ (సైట్ చిరునామా) కొనడం తప్పనిసరా?

సమాధానం:
డొమైన్ అక్కర్లేదు. మీ యూజర్‌నేమ్‌కు డాట్ గిట్‌హబ్ డాట్ ఐఓ చేర్చి, ఆ పేరుతో ఒక పబ్లిక్ రిపాజిటరీ (ప్రాజెక్టు కోడ్ ఉంచే, అందరికీ కనిపించే ఫోల్డర్) తెరిస్తే గిట్‌హబ్ వారి పేజెస్ సేవలో సైట్ ఉచితంగా నడుస్తుంది.

ప్రాజెక్టుల విషయానికొస్తే, మీ బ్యాచ్‌లో అందరి దగ్గరా అదే షాపింగ్ సైట్ ఉంటుంది కనుక, రెజ్యూమెలు వడపోసేవారికి అది మీ గురించి ప్రత్యేకంగా ఏమీ చెప్పదు. ప్రొఫైల్‌పై ఆరు రిపాజిటరీల వరకు పిన్ చేసుకోవచ్చు. ఆరూ నింపాలన్న నియమమేమీ లేదు, మీరు సొంతంగా ఆలోచించి కట్టినవి రెండుంటే చాలు. ఉదాహరణకు మన హైదరాబాద్ మెట్రోలో దారి చూపే ప్రోగ్రామ్‌నే తీసుకోండి. ఉప్పల్ నుంచి మలక్‌పేట వెళ్లాలంటే అమీర్‌పేటలో ఒక్కసారి మారి చుట్టు తిరిగి వెళ్లవచ్చు, లేదా పరేడ్ గ్రౌండ్స్‌లోనూ ఎంజీబీఎస్‌లోనూ రెండుసార్లు మారి దగ్గరి దారిన వెళ్లవచ్చు. రైలు మారడానికి పట్టే సమయాన్ని లెక్కలోకి తీసుకోకపోతే మీ ప్రోగ్రామ్ ఎప్పుడూ రెండో దారినే చూపుతుంది. ఆ సమయానికి మీరు ఎంత విలువ ఇచ్చారో, ఎందుకిచ్చారో రీడ్‌మీలో (ప్రాజెక్టును పరిచయం చేసే ఫైలు) నాలుగు వాక్యాల్లో రాయండి. ఇంటర్వ్యూలో సంభాషణ అక్కడి నుంచే మొదలయ్యే అవకాశం ఎక్కువ.

లైవ్ లింకు తప్పక ఇవ్వండి. అయితే ఉచిత సర్వర్లు కొన్ని కాసేపు ఎవరూ రాకపోతే నిద్రలోకి జారుకుంటాయి. లింకు నొక్కినవారు ఖాళీ పేజీ చూసి వెళ్లిపోకుండా, పక్కనే ఒక నిమిషం వీడియో కూడా ఉంచండి. ఏపీఐ కీలు (బయటి సేవలను వాడుకోవడానికి ఇచ్చే రహస్య సంకేతాలు) కోడ్‌లో ఎక్కడైనా ఉన్నాయేమో చూసుకోండి. ఫైలు తొలగించినా పాత కమిట్లలో (మార్పుల చరిత్రలో) కీ అలాగే ఉంటుంది కాబట్టి, ముందుగా ఆ కీనే రద్దుచేసి కొత్తది తీసుకోవాలి.

మరొక సభ్యురాలి ప్రశ్న:
నాలుగేళ్లుగా గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తున్నాను. నా పనంతా కంపెనీ ప్రైవేటు కోడ్‌లోనే ఉంది. నేనేం చూపాలండీ?

సమాధానం:
ఆ కోడ్‌గానీ, స్క్రీన్‌షాట్లుగానీ, క్లయింటు పేరుగానీ పెట్టకండి. అది మీ ఒప్పందానికే విరుద్ధం కావచ్చు. మీరు ఎదుర్కొన్న సమస్య స్వభావాన్ని, అందులో మీ వంతు పనిని సాధారణ మాటల్లో రాసి, అదే కోవకు చెందిన చిన్న నమూనాను కల్పిత డేటాతో, ఇంటి కంప్యూటర్‌పై, కొత్తగా కట్టండి. అనుభవం ఉన్నవారి విషయంలో ఖాళీగా కనిపించే గిట్‌హబ్‌ను ఎవరూ పెద్దగా తప్పుపట్టరు. మీ ఖాతా ఆఫీసు ఈమెయిల్‌తో తెరిచి ఉంటే మాత్రం, రాజీనామా ఇవ్వకముందే సొంత ఈమెయిల్‌కు మార్చుకోండి.