కొండ చోళ్లు (రాగులు), సామలు నేరుగా కొనేదెలా?

అందరికీ నమస్కారం. మేం విశాఖలో ఉంటాం, ఇంట్లో నలుగురం. తిండి ఖర్చు నెలకి 7,000 దాటకూడదు. అయినా వీలైనంత వరకు చుట్టుపక్కల పండిందే తినాలని మా కోరిక.

కూరగాయలకి ఇబ్బంది లేదు. ఎంవీపీ కాలనీ రైతుబజార్లో తోటకూర, గోంగూర వేళ్లకి తడిమట్టితోనే దొరుకుతాయి. టెన్షనల్లా చోళ్లు, సామలతోనే. పాడేరు, అరకు కొండల్లో పండేవే, షాపులో ప్యాకెట్ రేటు చూస్తే చెయ్యి వెనక్కి వచ్చేస్తోంది. పిల్లలకి పొద్దున్నే చోడి అంబలి పెట్టాలని ఎంతో ఉంది.

అక్కడి సంతల్లో నేరుగా కొనేవాళ్లు ఎవరైనా ఉన్నారా? నాలుగు కుటుంబాలు కలిసి బస్తా తెచ్చుకుంటే దారిఖర్చులు పోను గిట్టుబాటవుతుందా? రైతు దగ్గర గీచిగీచి బేరమాడడం మాత్రం మాకిష్టం లేదు. చోళ్లయితే కడిగి ఆరబెట్టి మరపట్టించుకుంటాం. సామలకి పొట్టు తీసే మిల్లు అనకాపల్లి వైపు ఎక్కడైనా ఉందా? వానాకాలంలో పురుగు పట్టకుండా మీరేం చేస్తారో కూడా చెప్పండి, ప్లీజ్.