చుసోక్‌కి పిలిస్తే కొరియన్ల ఇంటికి వెళ్లాలా?

నీలిమేఘం:
సువోన్‌లో ఉద్యోగం. కొరియన్ల పంట పండగ చుసోక్‌కి తన సొంతూరు రమ్మని మా టీమ్‌లో ఒకాయన పిలిచాడు. పొద్దున్నే పెద్దలకు పెట్టుకునే చారే కూడా ఉంటుందట. మా ఆవిడేమో "వాళ్లింటి కార్యంలో మనమెందుకు" అంటోంది. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

హాన్‌నది_గట్టు:
మీ ఆవిడ మాటే కరెక్టు. 2024లో చుసోక్ మన భాద్రపద పౌర్ణమి రోజుల్లోనే వచ్చింది. ఆ వెంటనే మనకు మహాలయ పక్షం. తద్దినానికి ఆఫీసువాళ్లను పిలుస్తామా? పైగా ముందురోజంతా పొయ్యి దగ్గర కూర్చుని జొన్ (పిండిలో ముంచి వేయించే అట్లు) వేయించేది కోడళ్లే. పిలిచేది ఆయన, నడుం విరిగేది ఆవిడకి.

ముగ్గుగిన్నె:
తద్దినం అంటే మరీ బిగుసుకుపోతున్నారు. చారే అయ్యాక ఆ వంటకాలే అందరూ కలిసి తింటారు, తర్వాత సమాధుల దగ్గరికి వెళ్తారు. నేను వెళ్లినప్పుడు వాళ్లు సాష్టాంగపడుతుంటే గోడవారగా నిలబడ్డాను, ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత వాళ్ల బామ్మ సోంగ్‌ప్యోన్‌కి (బియ్యప్పిండి కుడుములు) అంటుకున్న పైన్ ఆకులు ఒక్కొక్కటే పీకి నా చేతిలో పెట్టింది. ఆకులు పరిచి ఆవిరిమీద ఉడికిస్తారు కదా, ఆ వాసన బాగుంటుంది. ఇక వేపుళ్లంటారా, 2022లో కన్ఫ్యూషియన్ ఆచారాలు చూసే సుంగ్‌క్యున్‌గ్వాన్ సంస్థ కమిటీయే చారేకి జొన్ అక్కర్లేదని, తొమ్మిది పదార్థాల లోపు చాలని చెప్పేసింది.

హాన్‌నది_గట్టు:
కమిటీ చెప్తే అత్తగారు వింటుందా అండీ! పండగ చూడాలనుంటే తూర్పు తీరంలోని కాంగ్‌నుంగ్ ఊరి జాతర తానోజెకి వెళ్లండి. చాంద్రమానం అయిదో నెల అయిదో రోజు, అంటే మే చివరో జూన్‌లోనో. ఊరివాళ్లిచ్చిన బియ్యంతో దేవుడికి మద్యం పులియబెడతారు, ఏటిగట్టున సంత, కుస్తీ, ఉయ్యాలలు. ముసుగు నాటకంలో ఒక్క మాట కూడా ఉండదు, భాష రాదన్న బెంగే లేదు. బానంత పొట్టలేసుకుని వేషగాళ్లు జనం మీదికి దూసుకొస్తుంటే పిల్లలు ఒకటే కేకలు. అక్కడ పిలుపు అక్కర్లేదు, ఎవరి మొహమాటమూ లేదు.

బాటసారి:
2005లో యునెస్కో గుర్తించాక అదీ టూరిస్టుల తిరునాళ్లే అయిపోయిందిగా? ప్యాలెస్‌లో హాన్‌బోక్ (కొరియన్ల సంప్రదాయ దుస్తులు) వేసుకుంటే టికెట్ లేదని ఫోటోలు దిగడం లాంటిదే.

ముగ్గుగిన్నె:
కాదండీ. పొద్దున డేరాలో ముదాంగ్‌లు (పూనకమొచ్చే పూజారిణులు) గంటల తరబడి కుత్ అనే పూజ చేస్తుంటే ముందు కూర్చునేది ఊరి ముసలమ్మలే. దణ్ణం పెట్టి డబ్బులు పెడతారు. టూరిస్టులు ఓ వీడియో తీసుకుని సంతలోకి పోతారు. అయినా నీలిమేఘం గారు అడిగింది చుసోక్ గురించి. వంట ఎవరు చేస్తున్నారో ముందు అడగండి, అది తేలితే సగం సంగతి తేలినట్టే.

నీలిమేఘం:
అడిగేశాను. జొన్ ఈసారి బజార్లోనే కొంటున్నారట, వాళ్లమ్మగారికి మోకాళ్ల నొప్పులు. మా ఆవిడ ఇంకా ఊ అనలేదు. చారే అయ్యాక మధ్యాహ్నానికి వస్తామంటే బాగోదా? రైలు టికెట్లు ఎప్పుడో అయిపోయాయి, బస్సే దిక్కు.

హాన్‌నది_గట్టు:
మధ్యాహ్నమైతే నాకు అభ్యంతరం లేదు. పళ్ల పెట్టె పట్టుకెళ్లండి. గిన్నెలు మాత్రం మీరే కడగండి.